పట్టుచీర మడతల్లో దాచిన మాత్రలు

అప్పగింతలు అయిపోయాయి. సారె సామాను కారులో సర్దేశారు. బయట అందరూ తొందర పెడుతుంటే తల్లి కూతుర్ని లోపలి గదిలోకి పిలిచి, చిన్న పొట్లం ఒకటి చేతిలో పెట్టింది.

"రాత్రి పడుకోబోయే ముందు ఒకటి వేసుకో తల్లీ. ఎవరి కంటా పడనీయకు. మీ అత్తగారు అడిగితే బలానికని చెప్పు."

అమ్మాయి ఆ పొట్లాన్ని పట్టుచీర మడతల్లో దాచుకుంది. కానీ అత్తగారింట్లో బీరువా తాళాలు అత్తగారి బొడ్లోనే వుంటాయి. మొదటి వారం నాలుగు మాత్రలు వేసుకోగలిగింది. రెండో వారం ఒక్కటే. 'నాకు బాగానే వుందిగా, ఇంకెందుకు?' అనుకుని ఆ తర్వాత పూర్తిగా మానేసింది. నాలుగో నెలలో నిద్ర పట్టడం మానేసింది. కుళాయి విప్పితే ఆ నీళ్ళ చప్పుడులో తన పేరు పెట్టి ఎవరో తిడుతున్నారంది. సాంబారులో ఏదో కలిపారని గిన్నె ఎత్తి పారబోసింది. ఆర్నెల్లు తిరక్కుండానే పుట్టింటికి తిరిగొచ్చింది.

ఇది ఫలానా వారింటి కథ అని కాదు. కాస్త అటూ ఇటూగా చాలా ఇళ్ళలో జరిగేదే. ఆ తల్లిని తప్పు పట్టడం తేలిక. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? కూతురు సుఖపడాలనే కదా ఆ తాపత్రయం! కానీ ఆ పొట్లంలో వున్నదేమిటో, అది లోపలికి వెళ్ళి ఏం చేస్తుందో, మానేస్తే ఏమవుతుందో ఆ తల్లీకూతుళ్ళకి ఎవరైనా విడమరిచి చెప్పి వుంటే? ఈ వారం ఆ పని మనం చేద్దాం.

ఏమిటీ జబ్బు?

ఆ అమ్మాయికి వున్న జబ్బు పేరు స్కిజోఫ్రెనియా. ప్రపంచం మొత్తం మీద రెండు కోట్ల మందికి పైగా దీనితో బాధపడుతున్నారు. సాధారణంగా పద్దెనిమిదికీ ముప్ఫైకీ మధ్య, అంటే సరిగ్గా చదువు, ఉద్యోగం, పెళ్ళి అనుకునే వయసులో బయటపడుతుంది. మగపిల్లల్లో కాస్త ముందుగా, ఆడపిల్లల్లో కొద్దిగా ఆలస్యంగా కనిపిస్తుంది.

లక్షణాలు రెండు రకాలు. లేనివి వచ్చి చేరడం ఒకటి: ఎవరూ లేకుండానే మాటలు వినిపించడం, ఎవరో తనని వెంటాడుతున్నారనీ విషం పెడుతున్నారనీ గట్టిగా నమ్మడం, మాట పొంతన లేకుండా పోవడం. వున్నవి పోవడం రెండోది: నలుగురిలో కలవకపోవడం, స్నానం మీదా తిండి మీదా ధ్యాస లేకపోవడం, ముఖంలో నవ్వూ ఏడుపూ కూడా కనిపించకపోవడం. ఈ రెండో రకాన్ని చూసి ఇంట్లోవాళ్ళు "ఒట్టి సోమరి" అని తిడతారు. అది సోమరితనం కాదు, జబ్బే.

మరో మాట. ఇది పెంపకం లోపం వల్ల వచ్చేది కాదు. గాలి, ధూళి, చేతబడి అసలే కాదు. వంశపారంపర్యం కొంత వుంటుంది. తల్లికో తండ్రికో వుంటే బిడ్డకి వచ్చే అవకాశం వందకి పది దాకా వుంటుందంటారు. అంటే తొంభైమందికి రాదన్నమాటే!

కుక్కరు కూత, పక్కింటి దగ్గు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. పొద్దున్నే మీ వంటింటిని ఒక్కసారి తలచుకోండి. ఫ్యాను తిరుగుతోంది. వీధిలో కూరలబండి అతను కేక వేస్తున్నాడు. టీవీలో ఎవరో మాట్లాడుతున్నారు. పక్కింటాయన దగ్గుతున్నాడు. ఇవేవీ మీ చెవికెక్కవు. కానీ కుక్కరు మూడో కూత వేసిందా, చేతిలో పని వదిలేసి స్టవ్వు దగ్గరికి వెళతారు.

ఇన్ని చప్పుళ్ళలో ఆ ఒక్కటే మీకు ముఖ్యమని చెప్పిందెవరు? మీ మెదడే. "ఇది నీకు సంబంధించింది, పట్టించుకో" అని గుర్తు వేయడంలో డోపమైన్ అనే రసాయనానిది పెద్ద పాత్ర.

స్కిజోఫ్రెనియాలో మెదడులోని ఒక భాగంలో ఈ డోపమైన్ జోరు ఎక్కువవుతుంది. అప్పుడు ప్రతి చప్పుడూ కుక్కరు కూతే అవుతుంది. పక్కింటాయన దగ్గితే అది తనకిచ్చిన సైగ. టీవీలో వార్తలు చదివే ఆవిడ తనని చూసే నవ్వింది. సాంబారు రుచి కాస్త మారితే అందులో ఏదో కలిపారు. అర్థం లేని ప్రతిదానికీ అర్థం వచ్చి పడుతుంది. ఆ అర్థాలన్నీ ఒకచోట కూర్చుకుని, మనిషి తనకు తోచిన కథ ఒకటి అల్లుకుంటాడు. మనం భ్రమ అనేది దాన్నే. మనోవైద్యుడు షితిజ్ కపూర్ 2003లో రాసిన వ్యాసంలో ఈ సంగతినే వివరించారు. డోపమైన్ ఒక్కటే కారణం కాదు, ఇతర రసాయనాల పాత్రా వుంది. కానీ ఇప్పటిదాకా వాడుతున్న మందులన్నీ దాదాపుగా పట్టుకున్న కొస ఇదే.

తాళంలో దూరిన పుల్ల

మెదడులో ఒక కణం నుంచి మరో కణానికి కబురు చేరాలంటే డోపమైన్ బయల్దేరి వెళ్ళి, అవతలి కణం మీద వున్న గ్రాహకంలో ఇమడాలి. డోపమైన్ తాళంచెవి అనుకోండి, గ్రాహకం తాళంకప్ప. చెవి తిరిగితేనే తలుపు తెరుచుకుంటుంది, కబురు లోపలికి వెళుతుంది.

మీ అమ్మాయో అబ్బాయో వేసుకునే యాంటీ సైకోటిక్ మాత్ర చేసే పని, ఆ తాళంకప్పలో పుల్లలా దూరి కూర్చోవడం. అది తలుపు తెరవదు, చెవిని దూరనివ్వదు. దాంతో కబుర్ల జోరు తగ్గుతుంది. పక్కింటాయన దగ్గు మళ్ళీ ఒట్టి దగ్గే అవుతుంది.

అన్ని తాళాలూ మూసేస్తే ఇంకా మంచిది కదా అంటారా? కాదు. సాధారణంగా వందలో అరవై అయిదు నుంచి ఎనభై దాకా మూసుకుంటే మందు పనిచేస్తుంది. ఎనభై దాటితే చేతులు వణకడం, ఒళ్ళు బిగుసుకుపోవడం మొదలవుతాయి. అందుకే డాక్టరు మోతాదుని కొద్దికొద్దిగా పెంచుతూ, తగ్గిస్తూ చూస్తారు. "ఇన్నిసార్లు మారుస్తున్నాడంటే ఈయనకేం తెలీదు" అనుకోకండి. కూరలో ఉప్పు మనం వేసినట్టే అది.

సర్పగంధి వేరు, కదలని కుందేళ్ళు

ఈ మందుల చరిత్రలో మన దేశానికీ చోటు వుంది. సర్పగంధి వేరుని మన వైద్యులు ఏనాటినుంచో ఉన్మాదానికి వాడేవారు. 1931లో సేన్, బోస్ అనే ఇద్దరు భారతీయ వైద్యులు దాని గుణాల మీద వ్యాసం రాశారు. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు ఆ వేరు నుంచి రెసర్పిన్ అనే మందు తీశారు.

అదే 1952లో పారిస్‌లోని సెయింట్ ఆన్ ఆసుపత్రిలో జాన్ డిలే, పియర్ డెనికర్ అనే వైద్యులు క్లోర్‌ప్రోమజైన్ అనే కొత్త మందు వాడి చూశారు. అసలు ఆపరేషన్లకి ముందు రోగిని స్థిమితపరచడానికి అది పనికొస్తుందని గమనించినవాడు హెన్రీ లాబోరి అనే సర్జను. అంతకు ముందు ఇలాంటి రోగులకు వున్నవి గొలుసులు, గదులు, చన్నీళ్ళు, ఇన్సులిన్ ఇచ్చి స్పృహ తప్పించడం లాంటివే. కొత్త మందుతో కేకలు తగ్గాయి. ఏళ్ళ తరబడి ఆసుపత్రిలోనే వున్నవాళ్ళు ఇళ్ళకు వెళ్ళగలిగారు.

విచిత్రమేమిటంటే, మందు పనిచేస్తోందని తెలిసింది గానీ ఎందుకు పనిచేస్తోందో అప్పటికి ఎవరికీ తెలియదు. స్వీడన్ శాస్త్రజ్ఞుడు అర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్ళకి మన సర్పగంధి నుంచి వచ్చిన రెసర్పిన్ ఇచ్చాడు. అవి కదలకుండా చెవులు వాల్చేసి పడివున్నాయి. డోపమైన్ తయారయ్యే ముడిసరుకు ఇవ్వగానే లేచి తిరిగాయి! డోపమైన్‌కి ఎంత పని వుందో అలా తెలిసింది. 1963లో ఆయనే, కొత్త మందులు పనిచేసేది ఈ డోపమైన్ తాళాల మీదేనని సూచించాడు. 2000 సంవత్సరంలో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

1958లో హాలోపెరిడాల్, ఆ తర్వాత క్లోజపైన్, 1990ల్లో రిస్పెరిడోన్, ఒలాంజపైన్ వచ్చాయి. 2002లో వచ్చిన అరిపిప్రజోల్ తాళాన్ని పూర్తిగా మూయదు, ఫ్యాను రెగ్యులేటరులా జోరుని మధ్యస్థంగా వుంచుతుంది. 2024 సెప్టెంబరులో అమెరికా అనుమతి పొందిన ఒక కొత్త మందు అసలు డోపమైన్ తాళాల జోలికి పోకుండా మరో దారిలో పనిచేస్తుంది.

ఒకే చెరువు, నాలుగు కాలువలు

"ఆ మాత్రలు వేసుకుంటే మా పిల్ల లావెక్కింది, నెలసరి రావడం లేదు, చేతులు వణుకుతున్నాయి. ఆ మందులు మంచివి కావు" అనే తల్లులు చాలామంది. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఎందుకలా జరుగుతుందో తెలిస్తే భయం తగ్గుతుంది.

డోపమైన్‌ని చెరువు నీళ్ళనుకోండి. దాని నుంచి నాలుగు కాలువలు. మొదటి కాలువలో వరద వచ్చింది, అందుకే మాటలు వినబడుతున్నాయి. మందు ఆ ఒక్క కాలువకే తూము బిగిస్తే బాగుండును. కానీ మిగతా మూడింటికీ ఎంతోకొంత నీళ్ళు తగ్గుతాయి.

రెండో కాలువ ఒంటి కదలికలది. అక్కడ తగ్గితే చేతుల వణుకు, నడకలో బిగువు, ఒకచోట కూర్చోలేక అటూ ఇటూ తిరగడం. మందు మొదలుపెట్టిన కొత్తలో కొందరికి హఠాత్తుగా మెడ ఒక పక్కకి తిరిగిపోతుంది, కళ్ళు పైకి నిలబడిపోతాయి. చూసినవాళ్ళు దయ్యం పట్టిందంటారు. దయ్యమూ కాదు, భూతమూ కాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళితే ఒక్క ఇంజక్షన్‌తో కొద్ది నిమిషాల్లోనే సర్దుకుంటుంది.

మూడో కాలువ ప్రొలాక్టిన్ అనే హార్మోనుని అదుపులో వుంచుతుంది. అది తగ్గితే నెలసరి తప్పడం, పెళ్ళికాని పిల్లలకి కూడా రొమ్ముల్లో పాలు రావడం జరగవచ్చు. అనవసరంగా ఆ పిల్లని అనుమానించకండి. సిగ్గుపడకుండా డాక్టరుతో చెప్పండి. మోతాదు తగ్గించడమో మందు మార్చడమో చేస్తారు.

నాలుగోది చురుకుదనానిది. అక్కడ ఈ జబ్బులో నీళ్ళు ముందే తక్కువ. అందుకే వినబడే మాటలు తగ్గినంత తేలిగ్గా నిర్లిప్తత తగ్గదు. దానికి మందుతోపాటు ఇంటివాళ్ళ ఓర్పూ, చిన్న చిన్న పనులూ కావాలి.

ఇక లావెక్కడం. ఒలాంజపైన్, క్లోజపైన్ లాంటివి ఆకలిని బాగా పెంచుతాయి. ఎప్పటికప్పుడు బరువు, నడుము కొలత, బ్లడ్ షుగరు, కొలెస్ట్రాల్ చూపించుకోవాలి.

ఎన్నాళ్ళకి గుణం కనిపిస్తుంది?

తలనొప్పి మాత్రలా గంటలో తగ్గాలనుకోకండి. మొదటి కొద్ది రోజుల్లో నిద్ర పడుతుంది, ఆవేశం తగ్గుతుంది. వినిపించే మాటలు, అనుమానాలు తగ్గడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. ముందు ఆ మాటల గొంతు తగ్గుతుంది, తర్వాత వాటిని పట్టించుకోవడం తగ్గుతుంది, ఆ పైన చాలామందికి అవి పోతాయి.

రెండు రకాల మందులు సరైన మోతాదులో వాడినా గుణం కనిపించకపోతే క్లోజపైన్ ఇస్తారు. మిగతావి లొంగని చోట ఇది పనిచేస్తుందని 1988లో అమెరికాలో జరిగిన పరిశోధన తేల్చింది. అయితే కొద్దిమందిలో ఇది తెల్లరక్తకణాల్ని ప్రమాదకరంగా తగ్గిస్తుంది. 1975లో ఫిన్లాండులో కొందరు చనిపోయింది అందువల్లే. కనుక డాక్టరు చెప్పిన ప్రకారం రక్తపరీక్షలు తప్పనిసరి, మొదట్లో ప్రతివారం. ఇది వాడేవాళ్ళకు జ్వరం, గొంతునొప్పి వస్తే ఆ రోజే డాక్టరుకి చెప్పండి. మలబద్ధకాన్ని కూడా తేలిగ్గా తీసుకోకండి.

బాగైంది కదా, మానేద్దామా?

ఇక్కడే చాలా సంసారాలు దెబ్బతినేది. మన ఆలోచన జ్వరం మాత్రల ఆలోచన. తగ్గితే మానేస్తాం. కానీ ఇది బీపీ మందు లాంటిది. మందు వాడుతున్నారు గనుకే బాగుంది. తూము ఎత్తేస్తే నీళ్ళు ఆ రోజే ఊరి మీద పడవు. కొన్ని వారాలు, కొన్ని నెలలు బాగానే వుంటుంది. "చూశావా, మందు లేకపోయినా బాగుంది" అనిపిస్తుంది. ఆ తర్వాత వస్తుంది వరద.

2012లో లాన్సెట్ అనే వైద్య పత్రిక 65 పరిశోధనల్ని కలిపి లెక్క చెప్పింది. ఏడాది దాకా మందు వాడినవాళ్ళలో వందకి 27 మందికి జబ్బు తిరగబెడితే, మందు మాన్పించి ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్ళలో వందకి 64 మందికి తిరగబెట్టింది. మందు వాడినా కొందరికి తిరగబెడుతుంది, నిజమే. కానీ తేడా చూడండి!

జబ్బు మొదటిసారి వచ్చినవాళ్ళు గుణం కనిపించాక కూడా కనీసం ఏడాది, రెండేళ్ళు వాడాలంటారు. మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళు చాలా ఏళ్ళు వాడాలి. ఎప్పుడు తగ్గించాలో, ఎలా తగ్గించాలో డాక్టరే చెప్పాలి. గర్భం ధరించాలనుకుంటే ముందుగానే సలహా తీసుకోండి. నెల తప్పిందని భయపడి మాత్రలు చటుక్కున ఆపేయకండి.

"ఇవి అలవాటైపోతాయట కదా?" అని అడుగుతారు. ఇవి మత్తుమందులు కావు. మాత్ర కోసం వెంపర్లాడించే గుణం వీటికి లేదు.

ఇల్లాలిగా మీరు చెయ్యగలిగేవి

\* మాత్రని సాంబారులోనో పాలలోనో రహస్యంగా కలిపి పెట్టకండి. విషం పెడుతున్నారని అనుమానించే మనిషికి అది తెలిసిందంటే, ఆ అనుమానం నిజమని మీరే రుజువు చేసినట్టు! ఆ తర్వాత మీ చేతి అన్నం ముట్టరు. మాత్ర మింగనంటే డాక్టరుకి చెప్పండి. నోట్లో కరిగే మాత్రలు, ద్రవంగా వుండే మందులు, రెండు వారాలకో నెలకో ఒకసారి వేసే ఇంజక్షన్లు వున్నాయి.

\* మాత్రల వేళని ఒక పనితో ముడిపెట్టండి. రాత్రి మజ్జిగన్నం అయ్యాక అనుకోండి, మర్చిపోరు. ఒకపూట మర్చిపోతే మర్నాడు రెండు వేయకండి.

\* ఆకలి ఎక్కువగా వుంటుంది కనుక అన్నం తగ్గించి కూర, పప్పు, పల్చటి మజ్జిగ పెంచండి. జంతికలు, మిక్చరు డబ్బాలు కంటికి ఎదురుగా పెట్టకండి. నోరెండిపోతుంటే కూల్‌డ్రింకులు కాదు, మంచినీళ్ళు ఇవ్వండి. సాయంత్రం మీరూ కలిసి నడవండి. మీకూ మంచిదే.

\* "అదంతా నీ భ్రమ" అని వాదించకండి. "అవును, నిజమే" అని వంత పాడకండి. "నాకు వినబడటం లేదు గానీ, నీకు భయంగా వుందని తెలుస్తోంది. నేనున్నాను" అనండి.

\* రోజంతా దెప్పిపొడిచే ఇంట్లో జబ్బు త్వరగా తిరగబెడుతుందని ఎన్నో పరిశోధనలు తేల్చాయి. మందు ఎంత ముఖ్యమో మీ గొంతు అంత ముఖ్యం.

\* సిగరెట్లు కాల్చేవారిలో ఒలాంజపైన్, క్లోజపైన్ బలం తగ్గుతుంది. ఉన్నట్టుండి మానేస్తే పెరుగుతుంది. ఏది చేసినా డాక్టరుకి చెప్పాలి. గంజాయి దగ్గరికి అసలు పోనివ్వద్దు.

\* తీవ్రమైన జ్వరం, ఒళ్ళు కర్రలా బిగుసుకోవడం, మాట తడబడటం కలిసి వస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి పరుగెత్తండి. చచ్చిపోతానని అంటే తేలిగ్గా తీసుకోకండి, ఒంటరిగా వదలకండి.

వైద్యం ఖరీదని వెనకాడనక్కర్లేదు. హైదరాబాదు ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు వున్నాయి. 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కి ఫోను చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

పెళ్ళి మాట

"పెళ్ళి చేస్తే కుదురుతుంది" అన్నది మనవాళ్ళ పాత మందు. దానికి ఏ తాళాన్నీ మూసే శక్తి లేదు. పైగా కొత్త ఇల్లు, కొత్త మనుషులు, నిద్రలేమి, దాచలేక దాచే భయం, వీటన్నిటి మధ్య వున్న మందు కూడా పోతుంది.

అలాగని ఈ జబ్బు వున్నవాళ్ళు పెళ్ళికి పనికిరారని కాదు. మందు వేసుకుంటూ ఉద్యోగాలు చేసేవాళ్ళు, పిల్లల్ని పెంచుకునేవాళ్ళు వున్నారు. కావలసింది రెండే. కొంతకాలం జబ్బు అదుపులో వుండాలి. ఎదుటివారికి చెప్పి చెయ్యాలి. చెబితే నాలుగు సంబంధాలు తప్పిపోవచ్చు. అయిదోది నిలబడవచ్చు, లేకపోతే లేదు. కానీ చెప్పకుండా చేసిన ఆ ఒక్క సంబంధం తప్పిపోతే పోయేది పిల్ల ఆరోగ్యం కూడా.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ఆశ్రమం కాలిపోతే పాతికమందికి పైగా మానసిక రోగులు చనిపోయారు. గొలుసులతో కట్టేసి వున్నారు, పారిపోలేకపోయారు. గొలుసుల బదులు చిన్న మాత్ర పనిచేస్తుందని అప్పటికి యాభై ఏళ్ళ క్రితమే తెలుసు. తెలిసినా ఆ మాత్ర వాళ్ళకి అందలేదు.

మీ ఇంట్లోనో మీ బంధువుల్లోనో ఇలాంటి పొట్లం ఒకటి చీర మడతల్లో వుంటే, దాన్ని బయటికి తీయండి. బీపీ మాత్రల పక్కన, షుగరు మాత్రల పక్కన, మంచినీళ్ళ చెంబు దగ్గర పెట్టండి. రేపు మీ ఇంటికి కోడలు వచ్చి, "అత్తయ్యా, నేను రాత్రిపూట ఒక మాత్ర వేసుకోవాలి" అని బెరుగ్గా చెబితే, "అలాగేనమ్మా, భోజనం చేశాక వేసుకో, నేను గుర్తు చేస్తాలే" అనండి. ఆ పిల్ల సగం జబ్బు ఆ మాటతోనే తేలికవుతుంది. మిగతా సగం సంగతి ఆ మాత్ర చూసుకుంటుంది.